డీబీఏని ఉద్యోగంలోకి తీసుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ (డీబీఏ) కోసం వెతికే సంస్థలు, ముఖ్యంగా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చిన్న, మధ్యస్థాయి కంపెనీలు నడిపేవాళ్లు, పదే పదే అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు ఎక్కువగా ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ల నుంచి తీసుకున్నాం, మాకు చేయి తిరిగినవి అవే కాబట్టి. మీది ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే కమాండ్లు మారతాయి, పద్ధతి మారదు.

మాది చిన్న కంపెనీ, డేటాబేస్ క్లౌడ్‌లో ఉంది. అసలు డీబీఏ అవసరమా?

ఫుల్‌టైమ్ మనిషి అక్కర్లేకపోవచ్చు. ఆ బాధ్యత మాత్రం ఎవరో ఒకరి నెత్తిన ఉండాలి. డేటాబేస్‌ని క్లౌడ్‌లో నడిపిపెట్టే అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి సర్వీసుల్లో ప్యాచింగ్, రోజువారీ బ్యాకప్, హార్డ్‌వేర్ గొడవలు వాళ్లు చూసుకుంటారు. ఏ టేబుల్‌కి ఏ ఇండెక్స్ (వెతుకులాట త్వరగా అయ్యేలా పెట్టుకునే సూచిక) ఉండాలి, ఏ క్వెరీ (డేటా కోసం అడిగే ప్రశ్న) సర్వర్‌ని తినేస్తోంది, ఏ డెవలపర్‌కి ఎంత పర్మిషన్ ఇవ్వాలి అన్నవి వాళ్లు చూడరు. బ్యాకప్‌లోనూ ఒక మెలిక ఉంది. ఆర్‌డీఎస్ ఆటోమేటిక్ బ్యాకప్‌లను గరిష్ఠంగా 35 రోజులే ఉంచుకోగలం. రెండు నెలల కిందట ఏదో ప్రోగ్రామ్ తప్పుగా మార్చేసిన రికార్డులు ఈరోజు బయటపడితే అవి అక్కరకు రావు. ఈ సంగతి మీ టీమ్‌లో ఎవరికీ తెలియకపోతే, నెలకు కొన్ని గంటలు చూసిపెట్టే కన్సల్టెంట్ అయినా ఉండాలి.

ఉద్యోగ ప్రకటనలో ఏం రాయాలి?

మీ దగ్గర ఏం నడుస్తోందో అది రాయండి. "ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మాంగోడీబీ, లినక్స్, పైథాన్ అన్నీ వచ్చి ఉండాలి, అనుభవం 3 నుంచి 5 ఏళ్లు" అని వేస్తే, అన్నీ వచ్చని రాసుకునేవాళ్లే వస్తారు. "ఒరాకిల్ 19సీ, రెండు టెరాబైట్లు, ఒక డేటా గార్డ్ స్టాండ్‌బై, వారం విడిచి వారం ఆన్‌కాల్" అని రాసి చూడండి (స్టాండ్‌బై అంటే అసలు సర్వర్ పడితే అందుకోవడానికి పెట్టుకున్న నకలు, ఆన్‌కాల్ అంటే వేళకాని వేళ పిలిచినా పలకడం). ఆ పని తెలిసినవాళ్లు అది చదవగానే మీ ఇల్లు ఎలా ఉందో గ్రహిస్తారు. ఆన్‌కాల్ సంగతి దాచిపెట్టి చేరాక చెప్పడం మాత్రం వద్దు. మంచివాళ్లు వెళ్లిపోయేది అక్కడే.

ఇంకోటి: మానిటరింగ్ స్క్రీన్లు చూసి టికెట్లు తెరిచే ఎల్1 (మొదటి అంచె) పని వేరు, డేటాబేస్ పడిపోయినప్పుడు లేపే పని వేరు. రెండోదానికి మనిషి కావాల్సివచ్చి మొదటిదాని జీతం ప్రకటిస్తే నెలల తరబడి వెతకాల్సి వస్తుంది.

రెజ్యూమేలో దేన్ని నమ్మాలి?

టూల్స్ జాబితాని పక్కన పెట్టండి. ఆర్‌మ్యాన్, రాక్, ఏఎస్ఎమ్, డేటా గార్డ్, గోల్డెన్‌గేట్ అన్న వరస మన ఊళ్లో దాదాపు ప్రతి ఒరాకిల్ రెజ్యూమేలో అదే క్రమంలో కనిపిస్తుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సిలబస్ క్రమం అది. కోచింగ్ తీసుకోవడం తప్పేమీ కాదు. అక్కడ మొదలుపెట్టి దేశదేశాల్లో పెద్ద పెద్ద డేటాబేస్‌లు నడుపుతున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఆ జాబితా చూసి ఒక అభ్యర్థికీ ఇంకో అభ్యర్థికీ తేడా కనిపెట్టలేమన్నదే ఇక్కడ చిక్కు.

దాని బదులు ఒక ప్రాజెక్టు పట్టుకుని చిన్న చిన్న విషయాలు అడగండి. మీరు చూసిన డేటాబేస్‌లో అతి పెద్దది ఎంత? దాని ఫుల్ బ్యాకప్‌కి ఎంతసేపు పట్టేది? బ్యాకప్ ఎక్కడికి వెళ్లేది, టేప్‌కా, డిస్క్‌కా, క్లౌడ్‌కా? నెలాఖరున ఏ జాబ్ ఎక్కువ ఏడిపించేది? దానితో కాపురం చేసినవాళ్లు వీటికి తడుముకోరు. "ఫుల్‌కి ఆరు గంటలు, ఆదివారం పొద్దున్నే మొదలయ్యేది, నెట్‌వర్క్ టీమ్‌తో రోజూ గొడవే" అని విసుగుతో సహా చెబుతారు. ఆ విసుగు కల్పించి చెప్పడం కష్టం.

సర్టిఫికెట్లకు ఎంత విలువ ఇవ్వాలి?

కొద్దిగా. ఒరాకిల్‌లో ఓసీఏ (అసోసియేట్), ఓసీపీ (ప్రొఫెషనల్) పరీక్షలు బహుళైచ్ఛిక ప్రశ్నలు. ప్రశ్నల డంప్‌లు బయట తిరుగుతాయన్నది అందరికీ తెలిసిందే. ఓసీఎమ్ (మాస్టర్) సంగతి వేరు: అక్కడ నిజంగా సిస్టమ్ ముందు కూర్చుని డేటాబేస్ కట్టాలి, పడేసినదాన్ని లేపాలి. అది ఉంటే గౌరవించండి, లేకపోతే తక్కువ చేయకండి. ఓసీపీ ఉన్నవాళ్లు కనీసం సబ్జెక్టు మొత్తం ఒకసారి తిరగేశారని అర్థం చేసుకుంటే చాలు.

ఫోన్ రౌండ్‌లో ఏం అడగాలి?

డిలీట్‌కీ ట్రంకేట్‌కీ తేడా ఏమిటి, ఎస్‌జీఏలో ఏమేం ఉంటాయి, నార్మల్ ఫారమ్‌లు ఎన్ని? ఇవన్నీ వంటమనిషిని ఉప్పు రసాయన సూత్రం అడిగినట్టు ఉంటాయి. జవాబు చెప్పినా కూర ఎలా ఉంటుందో తెలియదు.

పరిస్థితి చెప్పి అడగండి. మాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఇది: "డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నూటికి నూరు శాతం నిండింది. అప్లికేషన్ ఆగిపోయింది. మీ మేనేజర్ పక్కనే నిలబడి ఉన్నారు. ఏం చేస్తారు?"

పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసినవాళ్లయితే ముందు ఏ డైరెక్టరీ నిండిందో చూస్తామంటారు. అది పీజీ_వాల్ (ప్రతి మార్పూ ముందుగా రాసుకునే చోటు) అయితే ఎందుకు నిండిందో వెతుకుతారు: ఆ ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసే ఆర్కైవ్ కమాండ్ ఫెయిల్ అవుతోందా, ఎప్పుడో తీసేసిన స్టాండ్‌బై కోసం ఫైళ్లను ఆపి ఉంచే రెప్లికేషన్ స్లాట్ ఇంకా వేలాడుతోందా అని. "పాత ఫైళ్లు తీసేస్తా" అని వెంటనే అన్నవాళ్ల దగ్గర ఆగండి. ఆ ఫైళ్లను చేత్తో తీసేస్తే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10కి ముందు ఆ డైరెక్టరీ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ అని ఉండటంతో ఇవేవో మామూలు లాగ్ ఫైళ్లనుకుని జనం తుడిచేసేవాళ్లు. ఆ బాధ పడలేకే పేరు మార్చారు.

ఒరాకిల్‌లో ఇదే ప్రశ్నకు ఓఆర్ఏ-00257 అన్న ఎర్రర్ నంబర్ రావాలి, ఆర్కైవ్ లాగ్‌లు (మార్పుల రికార్డుల నకళ్లు) పెట్టే చోటు నిండిపోయిందని అర్థం. ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తీసేస్తే డిస్క్ ఖాళీ అయినా రికవరీ ఏరియా (ఒరాకిల్ ఈ ఫైళ్లకు కేటాయించే చోటు) లెక్కలో అది నిండినట్టే ఉంటుంది. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లో క్రాస్‌చెక్ చేసి, అంటే ఫైళ్లు నిజంగా ఉన్నాయో లేదో సరిచూసి, ఎక్స్‌పైర్ అయినవి డిలీట్ చేయాలి. అసలైతే ముందు బ్యాకప్ తీసి ఆర్‌మ్యాన్ చేతే తీయించాలి, లేదా తాత్కాలికంగా రికవరీ ఏరియా సైజు పెంచాలి. ఒకసారి రాత్రిపూట ఇది ఎదుర్కొన్నవాళ్లు క్రాస్‌చెక్ అన్న మాట మర్చిపోరు.

ప్రాక్టికల్ టెస్ట్ ఎలా పెట్టాలి? మా దగ్గర దానికి టైమ్ లేదు.

ఒకసారి తయారుచేసుకుంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఒక వర్చువల్ మెషీన్‌లో డేటాబేస్ ఇన్‌స్టాల్ చేసి, అందరికీ ఉచితంగా దొరికే శాంపిల్ డేటా నింపండి. మైఎస్‌క్యూఎల్‌కి సకీలా, పోస్ట్‌గ్రెస్‌కి పగీలా, ఒరాకిల్‌కి హెచ్‌ఆర్ స్కీమా ఉన్నాయి. ఆర్కైవింగ్ ఆన్ చేసి, ఒక ఫుల్ బ్యాకప్ తీసి, ఆ తర్వాత కాసేపు మార్పులు నడపండి. అప్పుడు ఒక టేబుల్ మీద వేర్ క్లాజ్ (ఏ వరుసలు మార్చాలో చెప్పే షరతు) లేకుండా ఒక అప్‌డేట్ కొట్టి కమిట్ చేయండి, అంటే మార్పును ఖాయం చేయండి. మళ్లీ కాసేపు మంచి మార్పులు నడపండి. ఆ స్థితిని స్నాప్‌షాట్ తీసి దాచుకోండి. ప్రతి అభ్యర్థికీ అదే ఇస్తారు.

కాగితం మీద ఇచ్చే ప్రశ్న నాలుగు లైన్లు: "కస్టమర్ల టేబుల్‌లో అందరి ఫోన్ నంబర్లూ ఒకటే అయిపోయాయి. ఈ ఉదయం 11:20 ప్రాంతంలో జరిగిందని సపోర్ట్ వాళ్లు అంటున్నారు. 11:20 తర్వాత వచ్చిన ఆర్డర్లు పోకూడదు. రెండు గంటల టైమ్ ఉంది."

ఇంటర్నెట్, డాక్యుమెంటేషన్ వాడుకోనివ్వండి. నిజం పనిలో ఎవరూ కమాండ్లన్నీ కంఠస్థం చేసి కూర్చోరు. పక్కన కూర్చుని చూడండి, మధ్యలో వేలు పెట్టకండి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పండి.

ఇక చూడాల్సినవి. అన్నిటికన్నా ముందు, కీబోర్డు మీద చేయి పెట్టకముందు ఏం అడుగుతారు? "అప్లికేషన్ ఇంకా నడుస్తోందా? ఆ టేబుల్‌లోకి ఇంకా ఎవరైనా రాస్తున్నారా? 11:20 అని ఎలా తెలిసింది?" అని అడిగేవాళ్లకు సగం మార్కులు అక్కడే వేసేయొచ్చు. రెండోది, ఉన్నదాని మీద రీస్టోర్ చేస్తారా, పక్కన వేరే చోట చేస్తారా. ఉన్న డేటాబేస్ మీదే పాత బ్యాకప్ పరిచేస్తే 11:20 తర్వాతి ఆర్డర్లు గల్లంతు. తెలిసినవాళ్లు వేరే డైరెక్టరీలోనో వేరే సర్వర్‌లోనో తప్పు జరగడానికి కాస్త ముందు వరకు తెచ్చి, అక్కడి నుంచి ఆ ఒక్క కాలమ్ మాత్రం తీసుకుని అసలుదానిలో సరిచేస్తారు.

మూడోది మేము కావాలనే పెట్టే తిరకాసు. ఆ మెషీన్ గడియారం యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో) ఉంటుంది. సపోర్ట్ వాళ్లు చెప్పిన 11:20 మన టైమ్, అంటే సర్వర్ లెక్కలో 05:50. రికవరీ టార్గెట్‌గా 11:20 అని అలాగే కొట్టేవాళ్లు తప్పు జరిగిన చోటు దాటి ముందుకు వెళ్లిపోతారు, లేదా రికవరీ మధ్యలో ఎర్రర్‌తో ఆగుతుంది. ఇది పట్టుకోకపోతే ఫెయిల్ అని కాదు. మొదటిసారి తప్పాక ఎందుకు తప్పిందో ఎలా వెతికారు, అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొడుతున్నారా, లాగ్ తెరిచి చదివారా అన్నది చూడాలి. లాగ్ చదివే అలవాటు ఉన్నవాళ్లు ఎప్పటికైనా గట్టెక్కుతారు.

ఒరాకిల్ అభ్యర్థి అయితే బ్యాకప్ జోలికి వెళ్లకముందే ఫ్లాష్‌బ్యాక్ క్వెరీ (కాసేపటి కిందట డేటా ఎలా ఉందో చూపమనే క్వెరీ) ప్రయత్నించడం మంచి లక్షణం. మార్పుకు ముందున్న విలువలు దాచే అన్‌డూలో పాత విలువలు ఇంకా ఉంటే నిమిషాల్లో పని అయిపోతుంది. అన్‌డూ రిటెన్షన్ డిఫాల్ట్ 900 సెకన్లే కాబట్టి అది దొరకకపోవచ్చని కూడా వాళ్లకు తెలిసి ఉండాలి.

చివరగా, పని అయిందని ఎలా నిర్ధారించుకున్నారు? రెండు టేబుళ్లలో వరుసలు లెక్కపెట్టి, నాలుగైదు రికార్డులు పక్కపక్కన పెట్టి చూసి "ఇప్పుడు సపోర్ట్ వాళ్లను ఒకసారి చూడమనండి" అన్నవాళ్లు మీ మనుషులు.

రీస్టోర్ మీదే ఇంత పట్టు ఎందుకు? ట్యూనింగ్ ముఖ్యం కాదా?

ముఖ్యమే. కానీ క్వెరీ నెమ్మదిస్తే కస్టమర్లు తిడతారు, డేటా పోతే కంపెనీయే ఉండదు.

2017 జనవరి 31 రాత్రి ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో జరిగింది ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ గుర్తే. స్టాండ్‌బై సర్వర్‌లో ఖాళీ చేయాల్సిన డేటా డైరెక్టరీని ఒక ఇంజినీరు పొరపాటున ప్రైమరీలో (అసలు సర్వర్‌లో) తీసేశారు. తేరుకుని ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరగొచ్చు. కథ అసలు ఆ తర్వాత మొదలైంది. రోజువారీ డంప్ (డేటా మొత్తానికి ఫైల్ రూపంలో నకలు) తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6. వెర్షన్లు కలవక డంప్ ఫెయిల్ అవుతూ వచ్చింది. బ్యాకప్ పెట్టే చోటు చూస్తే ఖాళీ. ఫెయిల్ అయిందని చెప్పే ఈమెయిళ్లు కూడా డీమార్క్ (నకిలీ మెయిళ్లను ఆపే పద్ధతి) సెట్టింగ్ వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్లు డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేసి లేవు. అంతకు ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒక్కటే అదృష్టవశాత్తూ దొరికింది. సైట్ లేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది, ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. ఇదంతా వాళ్లే దాచకుండా ప్రపంచానికి చెప్పారు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించారు కూడా.

ఇంటర్వ్యూలో ఈ కథ చెప్పి "మీరు అక్కడ ఉద్యోగంలో చేరి నెల రోజులైంది అనుకోండి, ఈ లోపాల్లో ఏవి ముందే పట్టుకునేవారు, ఎలా?" అని అడగండి. అరగంట మాట్లాడుకోవడానికి సరిపడా సరుకు ఉంటుంది అందులో. "బ్యాకప్ సైజు రోజూ చూస్తాను, సున్నా అయితే మెసేజ్ వస్తుంది, మెసేజ్ రాకపోయినా అనుమానిస్తాను" అన్న జవాబు ఒకసారి విన్నాం. ఆ తర్వాత ఇక ఎక్కువ ప్రశ్నలు అడగలేదు.

ట్యూనింగ్‌ని ఎలా పరీక్షించాలి?

నెమ్మదిగా నడిచే ఒక క్వెరీ, దాని ప్లాన్ (డేటాబేస్ దాన్ని ఏ దారిలో నడిపిస్తుందో చెప్పేది) ముందు పెట్టండి. ఊరికే ఇండెక్స్ వేస్తే సరిపోనిది ఎంచుకోండి. ప్లాన్‌లో ఒక వరుస వస్తుందని అంచనా ఉండి, నిజంగా నాలుగు లక్షలు వచ్చిన చోటు ఉంటే, తెలిసిన కన్ను అక్కడే ఆగుతుంది. స్టాటిస్టిక్స్ (టేబుల్‌లో ఏముందో డేటాబేస్ రాసుకునే లెక్కలు) పాతబడ్డాయేమోనని అడుగుతుంది.

మన దేశంలో తరచూ కనిపించే ఇంకో కేసు: ఫోన్ నంబర్‌ని క్యారెక్టర్ కాలమ్‌లో పెడతారు, ప్రోగ్రామ్ దాన్ని కొటేషన్ గుర్తులు లేకుండా అంకెగా పోలుస్తుంది. ఒరాకిల్ ప్రతి వరుసలోని విలువనూ అంకెగా మార్చి చూస్తుంది కాబట్టి ఇండెక్స్ ఉన్నా వాడదు. ఇండెక్స్ ఉంది, క్వెరీ చిన్నది, అయినా టేబుల్ మొత్తం చదువుతోంది, ఎందుకు? దీన్ని పది నిమిషాల్లో పట్టుకున్నవాళ్లు ఎవరి కోడ్‌నో ఎప్పుడో విప్పి చూసినవాళ్లే.

పోస్ట్‌గ్రెస్ వాళ్లకు ఒక చిన్న ఉచ్చు వేయొచ్చు. ఒక డిలీట్ స్టేట్‌మెంట్ చూపించి "ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ వేసి ఎందుకు నెమ్మదిగా ఉందో చూడండి" అనండి. అనలైజ్ కలిపితే ఆ స్టేట్‌మెంట్ నిజంగానే నడుస్తుంది, వరుసలు నిజంగానే పోతాయి. ముందు ట్రాన్సాక్షన్ తెరిచి, చూశాక రోల్‌బ్యాక్ చేసేవాళ్లు, అంటే మార్పును వెనక్కి తీసుకునేవాళ్లు చాలు. మారుమాట లేకుండా ఎంటర్ నొక్కేవాళ్లకు ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) పాస్‌వర్డ్ ఇవ్వడానికి ఇంకా టైమ్ ఉంది.

అలాంటిదే ఇంకోటి: వేలాడుతున్న సెషన్‌ని ఎలా తీసేస్తారు? పోస్ట్‌గ్రెస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కమాండ్ కొడితే ఆ ఒక్క సెషన్‌తో పోదు. సర్వర్ అందరి కనెక్షన్లూ తెంపి రికవరీలోకి వెళ్తుంది. డేటాబేస్ లోపలి నుంచే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో తీయాలి.

మా అప్లికేషన్‌లో పేర్లు, చిరునామాలు తెలుగులో ఉంటాయి. దీనికి వేరే ఏమైనా అడగాలా?

తప్పకుండా. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కీ (విడి నంబర్ ఉన్న ఒక్కో అక్షర భాగానికీ) మూడు బైట్లు పడుతుంది. పైగా మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది లోపల రెండు మూడు ఉంటాయి. "శ్రీ" అంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం నాలుగు కోడ్‌పాయింట్లు, 12 బైట్లు. "వెంకటేశ్వరరావు" 14 కోడ్‌పాయింట్లు, 42 బైట్లు. ఒరాకిల్‌లో కాలమ్ సైజు 40 అని ఇస్తే, సెట్టింగ్ మార్చకపోతే అది 40 బైట్లు. ఇంటిపేరు లేకుండానే ఆయన అందులో పట్టరు, ఓఆర్ఏ-12899 అన్న ఎర్రర్ వస్తుంది. ఈ పేరే ఇచ్చి "ఎందుకు ఎక్కడం లేదు?" అని అడగండి. బైట్, క్యారెక్టర్ కొలతల తేడా తెలిసినవాళ్లు నవ్వేస్తారు.

మైఎస్‌క్యూఎల్‌లో కథ కాస్త వేరు. పాత "యూటీఎఫ్8" క్యారెక్టర్ సెట్ మూడు బైట్ల వరకే తీసుకుంటుంది. తెలుగు మూడు బైట్లే కాబట్టి ఇబ్బంది కనిపించదు. కస్టమర్ తెలుగు రివ్యూ చివర ఒక ఎమోజీ పెట్టిన రోజు తెలుస్తుంది. యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాలి అన్నది జవాబు. పెద్ద టేబుల్‌లో ఆ మార్పు నడిచినంతసేపూ ఏం లాక్ అవుతుందో కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది.

మా దగ్గర డేటాబేస్ తెలిసినవాళ్లే లేరు. మరి జడ్జ్ చేసేదెవరు?

ఒక అనుభవజ్ఞుడైన డీబీఏని ఒక పూటకు డబ్బిచ్చి పిలవండి. తప్పుడు మనిషిని తీసుకుంటే పోయేదాంతో పోలిస్తే అది లెక్కలోది కాదు. ఎవరూ దొరక్కపోయినా రీస్టోర్ టెస్ట్ ఫలితం మాత్రం మీకే తెలుస్తుంది: ఫోన్ నంబర్లు తిరిగి వచ్చాయా, ఆర్డర్లు ఉన్నాయా. దానికి డిగ్రీ అక్కర్లేదు. తర్వాత "ఏం చేశారో మా అకౌంట్స్ మేడమ్‌కి అర్థమయ్యేలా చెప్పండి" అనండి, ఆవిడని నిజంగానే కూర్చోబెట్టండి. డేటాబేస్ పడిపోయిన రోజు ఆ మనిషి మాట్లాడాల్సింది ఆవిడ లాంటివాళ్లతోనే.

టెస్ట్‌కి మా సొంత డేటా ఇస్తే ఇంకా వాస్తవంగా ఉంటుంది కదా?

ఇవ్వొద్దు. కస్టమర్ల పేర్లు, నంబర్లు బయటి మనిషి చేతిలో పెట్టడమే అవుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో డేటాకి తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. మీ సొంత సమస్యని పరిష్కరించమని టెస్ట్ పేరుతో ఉచితంగా పని చేయించుకోవడం కూడా బాగుండదు. ఆ కబురు డీబీఏల వాట్సాప్ గ్రూపుల్లో తిరగడానికి ఒక పూట చాలు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ప్రాక్సీలను ఎలా కనిపెట్టాలి?

ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడటం, పక్క స్క్రీన్‌లో ఏఐ జవాబులు చదవడం రెండూ ఉన్నాయి. థియరీ ప్రశ్నలు అడిగినంతకాలం అవి నడుస్తూనే ఉంటాయి. స్క్రీన్ షేర్ చేసి, మీరు ఇచ్చిన మెషీన్‌లో పని చేయించండి. మధ్యలో పరిస్థితి మార్చండి: "ఇప్పుడు ఆ బ్యాకప్ ఫైల్ పాడైందనుకోండి." అప్పటిదాకా గలగలా వచ్చిన ధార అక్కడ ఆగుతుంది, లేదా కళ్లు పక్కకు వెళ్తాయి. చివరి రౌండ్ ఎదురుగా కూర్చుని పెట్టండి, మొదటి రౌండ్‌లో వాళ్లు చెప్పిన జవాబునే పట్టుకుని మొదలుపెట్టండి. తన జవాబు తనకే గుర్తులేనివాళ్లు దొరికిపోతారు.

అనుభవం నిజమో కాదో?

అభ్యర్థి అనుమతితో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్) సర్వీస్ హిస్టరీ చూడండి. ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పీఎఫ్ పడిందో అందులో ఉంటుంది. అనుభవం ఒకట్రెండేళ్లు ఎక్కువ రాసుకున్నవాళ్లు టెస్ట్ అద్భుతంగా చేశారనుకోండి, అప్పుడేం చేయాలి? మా అభిప్రాయంలో వదిలేయాలి. ప్రొడక్షన్‌లో ఏదైనా తేడా కొట్టినప్పుడు మనకు కావాల్సింది ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు. దీన్ని ఒప్పుకోని మిత్రులూ ఉన్నారు.

స్వభావం గురించి ఏం చూడాలి?

కాదనగలగడం. మన ఆఫీసుల్లో "సరే సార్" అలవాటు బలంగా ఉంటుంది. డీబీఏ ఉద్యోగంలో సగం పని మర్యాదగా వద్దనడమే. ఇంటర్వ్యూలో ఇలా అడగండి: "శుక్రవారం సాయంత్రం ఆరింటికి డెవలప్‌మెంట్ హెడ్ వచ్చి, ఒక చిన్న మార్పే, నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టేయమన్నారు. ఏమంటారు?" కుదరదంటామనే జవాబు చాలదు. "స్క్రిప్ట్ పంపమంటాను, టెస్ట్‌లో నడిపి చూస్తాను, వెనక్కి తీసే స్క్రిప్ట్ కూడా ఉంటేనే పెడతాను, తప్పదంటే మెయిల్‌లో రాసివ్వమంటాను" అనేవాళ్లు ఆ పరిస్థితి చూసినవాళ్లు. అడిగినదానికి "ఇది నాకు తెలియదు, చూసి చెబుతాను" అన్నవాళ్లకు మార్కులు తగ్గించకండి.

ఫ్రెషర్‌ని తీసుకోవచ్చా?

పైన నేర్పే మనిషి ఉంటే నిరభ్యంతరంగా. లినక్స్ మీద చేయి ఆడాలి, ఎస్‌క్యూఎల్ బాగా రావాలి, సొంత ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పెట్టుకుని దాన్ని పాడుచేసి బాగుచేసిన ఉత్సాహం ఉండాలి. ఒంటరిగా వదిలేసి కంపెనీ డేటా మొత్తం అప్పగించడం మాత్రం ఆ పిల్లలకూ మీకూ అన్యాయమే.

జీతం, నోటీస్ పీరియడ్?

మన ఐటీ కంపెనీల్లో 90 రోజుల నోటీస్ మామూలే కాబట్టి, ఉన్న మనిషి రాజీనామా ఇచ్చాక వెతకడం మొదలుపెడితే కొత్తవాళ్లు వచ్చేసరికి పాతవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. ఆన్‌కాల్‌కి విడిగా డబ్బు ఇవ్వండి. రాత్రి రెండింటికి లేచిన మనిషిని పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు రమ్మనకండి.

చేరాక మొదటి నెలలో ఏ పని ఇవ్వాలి?

మొదటి వారం చూసే అనుమతి మాత్రమే ఇచ్చి, ఉన్న సర్వర్లు, బ్యాకప్‌లు, యూజర్లు, పర్మిషన్ల జాబితా రాయించండి. డీబీఏ పర్మిషన్ ఉండి ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లు ఒకటో రెండో ఆ జాబితాలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. తర్వాతి వారాల్లో మీ అసలు బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేయించి, ఎంతసేపు పట్టిందో, ఏ పాస్‌వర్డ్ దొరకలేదో, ఏ ఫైల్ లేదో కాగితం మీద పెట్టమనండి. నాలుగు గంటల్లో అవుతుందని మీరు బోర్డుకి చెప్పి ఉండి, ఆ కాగితంలో పదకొండు గంటలు అని ఉంటే, కొత్త మనిషిని కోప్పడకుండా అదే అంకెను బోర్డుకి పంపండి.